టోన్ లేని జంట

నా పేరు చలపతి. అంటే చలించే పతి అని మా ఆవిడ అర్థం చెబుతుంది. పెళ్ళి పీటల మీద కూడా నేను కుదురుగా కూర్చోలేదని, పురోహితుడు మంత్రం ఆపి నా మోకాలు నొక్కిపెట్టాడని ఇప్పటికీ సాక్ష్యం పలుకుతుంది. అలాంటివాడికి దేవుడిచ్చిన ఉద్యోగం టెలిఫోన్ లైన్లు చూసుకోవడం. ఆఫీసులో నాకొక కుర్చీ ఉండేది గాని, అది నాకంటే నా హెల్మెట్టుకే ఎక్కువ ఉపయోగపడింది.

విశాఖపట్నంలో తొంభైలంతా, ఆ తర్వాతి దశాబ్దమంతా లైన్ల వెంటే తిరిగాను. ఇప్పుడు రిటైరై, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నేనే లైను వేస్తున్నాను. "కాసేపు కూర్చుని ఏదైనా రాసుకోకూడదూ, గచ్చు అరిగిపోతోంది" అని మా ఆవిడ విసుక్కుంటే కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొస్తుందనుకున్నది రాస్తాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రాస్తే పేజీ నిండదు, రానివి రాస్తే పుస్తకం చాలదు.

పెయిరూ పేరూ

ముందు ఒక్క సంగతి తెలియాలి. రాగి తీగల కాలంలో ఒక ఇంటికి ఫోను రావాలంటే ఎక్స్చేంజి నుంచి ఆ ఇంటిదాకా రెండు తీగలు కావాలి. ఆ రెంటినీ కలిపి పెయిర్ అంటాం. అంటే జంట. అపార్టుమెంటయితే కింద పార్కింగులో గోడకు ఒక డబ్బా ఉంటుంది. వీధిలోంచి వచ్చిన జంటలు ఆ డబ్బాలో ఆగుతాయి. అక్కణ్ణుంచి ఒక్కొక్కటి ఒక్కో ఫ్లాటుకు ఎక్కుతుంది. నేను కలిపినన్ని జంటల్ని ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా కలిపి ఉండడు. విడదీసినవీ దాదాపు అన్నే కాబట్టి పుణ్యం ఏమీ మిగల్లేదు.

మా లైన్‌మన్ల నోట్లో పెయిర్ కాస్తా పేరు అయిపోయేది. "సార్, ఈ బిల్డింగులో పేరు నేదండి" అని కింద నుంచి కేకేసేవారు. ఫోను కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న ఇంటాయన లుంగీ సర్దుకుంటూ పరుగున వచ్చి, "పేరు లేకపోవడమేంటండీ, గేటు మీద అంతంత అక్షరాలతో రాయించాం కదా!" అని తగువుకు దిగేవాడు.

నరసింగరావు గారి చెవి

నాకు పని నేర్పిన మొదటి అధికారి నరసింగరావు గారు. ఆయన ఏ కాగితాన్నీ నమ్మేవారు కాదు. లైన్‌మన్ వచ్చి "బాగు చేశానండి" అంటే, "విన్నావా?" అని అడిగేవారు. విన్నానంటే పంపేసేవారు. చూశానంటే మాత్రం, సైకిలు దిగినవాణ్ణి దిగినట్టే వెనక్కి తోలేవారు.

వినడమంటే ఇది. మా దగ్గర చేతిలో పట్టే టెస్ట్ ఫోన్ ఉంటుంది. దాని రెండు క్లిప్పులూ డబ్బాలో ఒక జంటకు తగిలించి చెవిన పెట్టుకుంటే డయల్ టోన్ రావాలి. వచ్చిందంటే ఆ జంట బతికున్నట్టు. రాకపోతే చచ్చినట్టు, లేదా ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉన్నట్టు. "టోన్ వినకుండా డబ్బా మూత వెయ్యకు" అన్నది ఆయన మాకు చేసిన ఉపదేశం. మేము మా కిందివాళ్ళకు చేశాం. మా వాళ్ళకు సంతకం పెట్టడం ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు గాని, టోన్ వినడం మాత్రం ముందే వచ్చేసింది.

ఒకసారి పోర్టులో కళాసీగా చేసే ఒకాయన ఇంట్లో ఫోను పెట్టాం. కొబ్బరికాయ కొట్టారు, సెట్టుకు బొట్టు పెట్టారు. వాళ్ళమ్మ రిసీవరు చెవిన పెట్టుకుని ఎంతకీ దించదు. ఇంకా ఎవరికీ నంబరు కూడా చెప్పలేదే, ఈవిడతో ఎవరు మాట్లాడుతున్నారా అని నాకు ఆశ్చర్యం.

"ఎవరమ్మా ఫోన్లో?" అన్నాను.

"ఎవలూ మాటాడ్నేదు బాబూ. ఎవలో ఉన్నారు గాని. ఊఁ కొడతన్నారు" అంది.

డయల్ టోన్‌కు అంతకంటే మంచి నిర్వచనం నాకు మా ట్రైనింగు సెంటర్లోనూ దొరకలేదు.

సంచుల్లో తిరిగొచ్చిన సెట్లు

రెండు వేల సంవత్సరం దాటాక సెల్‌ఫోన్లొచ్చాయి. కొబ్బరికాయలు కొట్టినవాళ్ళే కూరల సంచుల్లో సెట్లు పట్టుకొచ్చి మా కౌంటరు మీద పెట్టడం మొదలెట్టారు. బొట్టు ఇంకా చెరగని సెట్లు కూడా చూశాను. ఫోను వద్దన్న నోటితోనే "ఇంటర్నెట్ ఇస్తారా?" అనేవారు. ఫోను లేనిదే నెట్ లేదనేది మా పద్ధతి. కాఫీ అడిగినవాణ్ణి ముందు ఇడ్లీ తినమనడం లాంటిదే. కొన్నాళ్ళకు పైవాళ్ళు మనసు మార్చుకుని, నెట్ ఒక్కటే అడిగితే ఒక్కటే ఇవ్వమన్నారు. మా ఎక్స్చేంజిలో అలా అడిగిన మొదటి మనిషి సువార్తమ్మ గారు.

ఆమెది సీతమ్మధారలో సాగర దర్శిని అనే అపార్టుమెంటు. డాబా ఎక్కి మునివేళ్ళ మీద నిలబడ్డా అక్కణ్ణుంచి సముద్రం కనబడదు. ఉప్పుగాలి మాత్రం డబ్బాలోకి కూడా వస్తుంది. సువార్తమ్మ గారు చాలాకాలం ఆస్పత్రిలో నర్సు. మోకాళ్ళు అరిగి, నిలబడి చేసే ఉద్యోగం మానేశారు. ఇంట్లో ఆమె, చూపు ఆనని వాళ్ళక్క. ఇద్దరికీ ఆధారం ఆమె సంపాదనే. అందుకని కూర్చుని చేసే పని నేర్చుకున్నారు. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగుల గురించి చెప్పిన మాటలు హెడ్‌ఫోన్లో విని, టైపు చేసి, నెట్ మీద పంపాలి. పేరేమో సువార్త, పొద్దస్తమానం టైపు చేసేవి దుర్వార్తలు. కంపెనీవాళ్ళు ఆమెను మూడు నెలలు పరీక్షగా తీసుకున్నారు. ఆ మూడు నెలల్లో మూడుసార్లు పని వేళకు అందకపోతే ఉద్యోగం ఉండదు.

"ఫోను కూడా పెట్టించుకోండమ్మా, ఎలాగూ తీగ లాగుతున్నాం" అన్నాను.

"వద్దు బాబూ, నీకు పున్నెముంటాది. ఆస్పత్రి క్వార్టర్సులో నాకొక్కదానికే ఫోనుండీది. అక్కడోళ్ళంతా నా నంబరే పీపీ ఇచ్చుకున్నారు."

ఈ కాలం పిల్లలకు పీపీ తెలియదు. ఇంట్లో ఫోను లేనివాళ్ళు పొరుగింటి నంబరు ఇచ్చి పక్కన పీపీ అని రాసేవారు. ఫోనొస్తే పొరుగింటివాళ్ళు వెళ్ళి పిలుచుకురావాలి.

"డ్యూటీ దిగొచ్చి కంచం ముందు కూకుంటే ఫోను. 'మూడో అంతస్తు రమణని పిలండి.' పిలిసొచ్చి కూకుంటే మళ్ళీ ఫోను. 'ఆ సివర మేరీని పిలండి.' నా మోకాళ్ళు వార్డులో అరిగేయనుకుంటన్నారేటి? ఆ మెట్ల మీద అరిగేయి."

"ఇప్పుడందరికీ సెల్లులున్నాయి కదమ్మా."

"సెల్లుంటాది. బేలన్సుండదు. నాకు నెట్టు సాలు."

డబ్బాలో ఒకే ఒక్క జంట మిగిలి ఉంది. అది ఆమెకు కలిపాం. ఎక్స్చేంజిలో ఆ జంటను నెట్ పరికరానికి తగిలించాం, ఫోను యంత్రానికి తగిలించలేదు. కాబట్టి ఆ తీగలో నెట్ పారుతుంది, టోన్ రాదు. మోడెంలో దీపాలు వెలిగాయి. వాళ్ళక్క ఆ పచ్చదీపం ఒక్కటీ తనకు మసగ్గా కనబడుతోందని సంబరపడింది.

సముద్రం మీద కేసు

ఒక నెల తిరక్కుండానే నెట్ ఆగిపోయింది. నెట్ విభాగంవాళ్ళు చూసి "మా వైపు బాగానే ఉంది" అన్నారు. మా లైన్‌మన్ అప్పల్రాజు వెళ్ళొచ్చి, "లైను బెమ్మాండంగా ఉంది సార్. టోను గంటలాగ వత్తంది" అన్నాడు. రెండు వైపులా బాగుంటే చెడింది మధ్యలోది అని మోడెం మార్చాం. రాలేదు.

విశాఖలో మా వృత్తివాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఏది చెడినా ముద్దాయి సముద్రమే. ఉప్పుగాలి, చెమ్మ, రాగికి చిలుము అని ఆరోపణ రాసేస్తాం. ముద్దాయి కోర్టుకు రాదు, కాదనదు. డబ్బాలో చెడిపోయి పడున్న ఒక జంటకు చిలుము గీకి, సువార్తమ్మ గారిని దానిమీదకు మార్చాం. నెట్ వచ్చింది. సముద్రం నేరం ఒప్పుకుందని కేసు మూసేశాం. ఈలోగా ఆమె పని ఒకసారి వేళకు అందలేదు.

కొన్ని వారాలకు మళ్ళీ ఆగింది. మళ్ళీ అప్పల్రాజు వెళ్ళొచ్చాడు. మళ్ళీ టోను గంటలాగే వస్తోంది. ఈసారి ఆమే నాకు ఫోన్ చేశారు.

"ఇది రెండోది సార్. ఇంకొక్కటే ఉంది నాకు."

గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. నేను అప్పల్రాజును స్కూటరెక్కించుకుని బయల్దేరాను.

ఆమె నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను, లేచాను, మోడెం చూశాను, మళ్ళీ కూర్చున్నాను.

"మీకేటండి, కుర్సీలో ముళ్ళున్నాయా? ఒక్క నిమిషం ఉండి నా మాటినండి. నాను నర్సుని. జొరమొత్తే, అంతకు ముందు ఏటి జరిగిందో అడుగుతాం. పై అంతస్తు మేస్టారి ఫోను పాడయింది. మీవోళ్ళొచ్చి బాగు సేసేరు. ఆయన సంతోషంగా హలో హలో అంటంటే కింద నా నెట్టు పోయింది. కిందటిసారీ ఇంతే. ఆయన జబ్బు తగ్గినప్పుడల్లా నాకంటుకుంటంది."

ఆ మాట అంటుండగానే అప్పల్రాజు నాకేసి చూశాడు, నేను అతనికేసి చూశాను.

"అప్పల్రాజూ, ఈవిడ లైన్లో టోన్ వస్తోందన్నావు."

"వత్తంది సార్. మీరూ ఇనొచ్చు."

"ఫోనే లేని ఇంటికి టోన్ ఎక్కణ్ణుంచొచ్చింది?"

అప్పల్రాజు టెస్ట్ ఫోన్ పట్టుకుని డబ్బా దగ్గరకు పరుగెత్తాడు. నేనూ వెనకాలే దిగాను.

జరిగింది ఇదీ. మాస్టారి జంట చెడిపోయింది. దాన్ని బాగుచేసేదాకా ఆయన్ను వేరే జంట మీదకు మార్చాలి. ఖాళీది ఏదో తెలుసుకోవడానికి అప్పల్రాజు ఒక్కొక్కదానికే క్లిప్పులు తగిలించి విన్నాడు. అన్నిట్లో టోన్ ఉంది, ఒక్కదాన్లో లేదు. అది చచ్చిందనుకుని ఆమెను ఊడదీసి మాస్టారిని కలిపాడు, ఎక్స్చేంజిలోనూ అలాగే మార్పించాడు. ఆ తర్వాత ఆమె ఫిర్యాదు మీద వచ్చి అదే జంటను వింటే అందులో టోన్ వచ్చింది. అది మాస్టారి టోన్. మేము చిలుము గీకి ఆమెకిచ్చింది మాస్టారు వదిలేసిన జంటే. రెండోసారీ ఇదే నాటకం, పాత్రధారులు కూడా మారలేదు.

"ఖాళీ కుర్సీ అనుకున్నాను సార్. మేస్టార్ని కూకోబెట్టేసేను" అన్నాడు అప్పల్రాజు.

అతన్ని ఏమనగలను? టోన్ లేకపోతే చచ్చినట్టే అని నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకో సంగతి కూడా ఆరోజే తలకెక్కింది. మా మరమ్మతుల్లో సగం మరమ్మతులు కావు. ఒకరి రోగం తీసి ఇంకొకరికి అంటించడం. ఫిర్యాదు ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది. తగ్గింది మాత్రమే మేము పైకి చెబుతాం.

"మాది ఇనే ఉజ్జోగం"

ఆ సాయంత్రమే చెడిన జంటను బాగుచేసి, ఎవరిది వాళ్ళకు కలిపాం. ఆమె జంటకు ఒక చీటీ కట్టాను. "ఇందులో నెట్ ఉంది. తీయవద్దు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నాకు తృప్తిగా ఉంది. అప్పల్రాజు నవ్వాడు.

"ఎవలు సదువుతారు సార్? ఒక సేత్తో మూత పట్టుకోవాలి, ఒక సేత్తో క్లిప్పులు, నోట్లో టార్చిలైటు. మాది సదివే ఉజ్జోగం కాదండి. ఇనే ఉజ్జోగం."

"నాదీ అదే కదా నాయనా" అన్నారు సువార్తమ్మ గారు, మెట్ల దగ్గర నిలబడి. "ఇన్నది ఒకటీ, రాసింది ఒకటీ అయితే నా ఉజ్జోగం ఊడిపోద్ది."

అప్పల్రాజు చెప్పింది నిజం. అతనికైతే తెలిసింది గాని, అతను సెలవు పెడితే పక్క వీధివాడొస్తాడు, వాడు రాకపోతే కాంట్రాక్టు మనిషొస్తాడు. అందరూ చెవితోనే వస్తారు. పైగా వానాకాలం. రెండు జల్లులకే చీటీలో సిరా కారి "తీయవద్దు"లో "వద్దు" చెరిగిపోయింది. మిగిలిన "తీయ" చూసి నాకు చెమటలు పట్టాయి.

నాకు కాలు నిలవలేదు. ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి సాగర దర్శినిలో డబ్బా తెరిచి చూసేవాణ్ణి. అన్నం తింటూ లేచి వెళ్ళిన రోజు కూడా ఉంది. చివరికి వాచ్‌మన్ అడిగాడు: "రోజూ ఏటి సార్ ఇది? ఆ డబ్బాలో ఏటైనా దాసేరేటి?" నిజానికి ఒకరి ఉద్యోగం దాచి ఉంది. కాని ఆ సమాధానం వాచ్‌మన్లకు నచ్చదు.

ఇలా ఎన్నాళ్ళు కాపలా కాస్తాను? కాపలా తీగలోనే ఉండాలి. చదవని చెవికి వినబడేలా ఉండాలి. ఈ ముక్క నాకు స్కూటరు మీద, సిగ్నల్ దగ్గర తట్టింది. వెనకాల హారన్లు మోగుతున్నా కదల్లేదు. నా జీవితంలో కదలకుండా ఉన్న సందర్భాలు తక్కువ కాబట్టి గుర్తుంది.

ఎవరి నంబరు?

అప్పటి మా అధికారి విజయలక్ష్మి గారు. నాకంటే వయసులో చిన్న, చదువులో పెద్ద, మాటల్లో పొదుపు. ఆవిడ ముందు నిలబడి, సువార్తమ్మ గారి జంటకు ఫోను యంత్రం కూడా తగిలించాలన్నాను.

"ఫోను వద్దన్న మనిషికి నంబరిస్తారా చలపతి గారూ?"

"నంబరు ఆవిడకు కాదు మేడమ్. అప్పల్రాజుకు."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. నేను చెప్పాను. బయటికి ఫోన్లు వెళ్ళకూడదు, లోపలికి రాకూడదు, ఆమె ఇంట్లో సెట్టు ఉండకూడదు. ఉత్త టోన్ ఉంటే చాలు. ఒకే తీగలో టోనూ నెట్టూ ఎలాగూ కొట్టుకోవు, ఫోనున్న ఇళ్ళన్నిట్లో కలిసే కాపురం చేస్తున్నాయి. మా సొంత పరీక్షల కోసం ఉంచుకున్న నంబర్లలో ఒకటి చాలు, ఆమెకు బిల్లూ రాదు.

"ఇలా ఎక్కడైనా చేశారా?"

"లేదండి."

"చెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

"నాకు కనబడలేదండి."

"మీరు కూర్చుని వెతికి ఉండరు" అన్నారు నవ్వుతూ. "చెయ్యండి. ఎవరైనా అడిగితే పరీక్ష కోసమని చెప్పండి. అబద్ధమూ కాదు."

అధికారుల గురించి నాకున్న అభిప్రాయం ఒక్కటే. అడిగింది అర్థమయ్యేదాకా వినేవాళ్ళు కొందరు, అడిగినవాడు మానుకునేదాకా వినేవాళ్ళు కొందరు. మొదటి రకం దగ్గర పనిచేసిన రోజులే నా సర్వీసుగా లెక్కేసుకుంటాను.

స్తంభం వెనకాల

ఆమె మూడు నెలల గడువు చివరి వారంలో ముసురు పట్టింది. అనుకున్నట్టే మాస్టారి ఫోను మళ్ళీ పోయింది. అప్పల్రాజును పంపాను. టోన్ పెట్టిన సంగతి అతనికి చెప్పలేదు. చెబితే అతనొక్కడే జాగ్రత్తపడతాడు. చెప్పకుండా చూస్తేనే ఊళ్ళో లైన్‌మన్లందరి చెవులనూ పరీక్షించినట్టు. కాని పరీక్ష తప్పితే పోయేది నా ఉద్యోగం కాదు. అందుకని నేను ముందే వెళ్ళి పార్కింగులో స్తంభం వెనకాల నిలబడ్డాను. అతని చెయ్యి ఆమె జంట మీద పడి ఊడదీయబోతే పరుగెత్తి పట్టుకోవాలని.

అప్పల్రాజు మూత తెరిచాడు. టార్చిలైటు నోట కరిచాడు. ఒక్కొక్క జంటకే క్లిప్పులు తగిలించి వింటున్నాడు. మొదటి అంతస్తులో ఆమె కిటికీలోంచి టైపు చప్పుడు వాన చినుకుల్లాగే తెరిపి లేకుండా వస్తోంది. ఆమె జంట వంతు వచ్చింది. తగిలించాడు. విన్నాడు. తీసి పక్కదానికి వెళ్ళాడు.

నేను ఊపిరి వదలబోయాను. అంతలో అతను ఆగి, మళ్ళీ ఆమె జంటకే వచ్చి తగిలించాడు. ఈసారి చాలాసేపు విన్నాడు. తర్వాత నోట్లో టార్చి తీసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"సార్, ఆ స్తంభం ఎనకాల మీ కాలు ఊగుతంది. కనపడతంది. ఇవతలకి రండి."

వచ్చాను.

"ఏటి సార్ ఇది? ఫోనొద్దన్న ఆవిడికి టోనొత్తంది? మళ్ళీ ఎవలైనా ఎవల్నైనా కూకోబెట్టేసేరా?"

"లేదు. ఆ టోను ఆవిడకు కాదు, నీకు. నువ్వు ఊడదీయకుండా."

అతను టెస్ట్ ఫోన్ మళ్ళీ చెవిన పెట్టుకున్నాడు. మొహం మెల్లగా విప్పారింది.

"మా ఇంట్లోనే నాకు ఫోను నేదు సార్. ఇక్కడ నా కోసం నంబరెట్టించేరా?" అని పకపకా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి డబ్బాకేసి చూశాడు. "అయితే మేస్టార్ని కూకోబెట్టడానికి కుర్సీ నేదన్నమాట. ఆయనది గీకక తప్పదు."

ఆ మధ్యాహ్నమంతా వానలో కూర్చుని వీధిలో తీగలు అతికిన జాయింటు విప్పి మాస్టారి జంటను నిజంగా బాగుచేశాడు. అప్పల్రాజు చేసిన మరమ్మతుల్లో అది ఎవరికీ రోగం అంటించని మరమ్మతు. పైన టైపు చప్పుడు ఆగలేదు.

వారం తర్వాత సువార్తమ్మ గారి ఉద్యోగం ఖాయమైంది. కబురు చేస్తే వెళ్ళాను. కేకు ముక్క పెట్టి, నా ఎదురుగా కూర్చుని నిలదీశారు.

"నాకు తెలీకుండా ఫోనెట్టేసేరంట కదా? అప్పల్రాజు సెప్పేడు."

"ఫోను కాదమ్మా, టోన్. మీకు ఎవరూ చెయ్యలేరు. మీరూ ఎవరికీ చెయ్యలేరు."

"పీపీ కూడా ఇయ్యలేరా?"

"ఇవ్వలేరు."

ఆమె ఇంకో కేకు ముక్క నా ముందు పెట్టారు.

"అలాగయితే ఉంచండి. ఈ రకం ఫోను అప్పుడే ఇచ్చుంటే నా మోకాళ్ళు మిగిలీవి కదండి."

తర్వాత నెట్ ఒక్కటే అడిగిన ప్రతి ఇంటికీ మా ఎక్స్చేంజిలో అలాగే టోన్ పెట్టాం. మీరు ఈ పనిలోకి కొత్తగా వచ్చి, మా నియమాలు చదివి, వాడని ఫోనుకు నంబరెందుకని నవ్వుకుంటే నవ్వుకోండి. ఊడదీసేముందు మాత్రం అది ఎవరికోసం పెట్టారో అడగండి.

రిటైరైన రోజు టెస్ట్ ఫోన్ తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వడానికి వెళ్తూ సీతమ్మధారలో ఆగాను. వాచ్‌మన్ కొత్తవాడు, నన్ను అనుమానంగా చూశాడు. డబ్బా తెరిచి, ఆ జంటకు క్లిప్పులు తగిలించి, చెవిన పెట్టుకున్నాను.

ఎవరో ఉన్నారు. ఊఁ కొడుతున్నారు.

మూత వేశాను.